‘తర్వాత’ నొక్కే అధికారి

“కంప్యూటరు విషయంలో ఈ ప్రభుత్వం తొందరపడదు. తొందరపెట్టేవాళ్ళను ఊరికే వదలదు.”

నీటి సరఫరా మంత్రిగారు ఈ మాట అన్నప్పుడు నేను సభలో ముందు వరసలో ఉన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఏ కంప్యూటరని ఎవరూ అడగలేదు. మంత్రి మాట్లాడుతుంటే విషయమేమిటని అడిగేంత సంస్కారహీనులు మాలో లేరు.

పాఠకులకు మాత్రం తెలియాలి. ఆ కంప్యూటరు నీటి సరఫరా ఆఫీసులో, ఇంజనీరుగారి గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఉంటుంది. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదిలోనే. మా వీధికి నీళ్ళు వదలడం దాని పని.

అది రాకముందు మేం చాలా మోటుగా బతికాం. వీధి మొదట్లో ఒక గొయ్యి, గోతిలో ఒక వాల్వు. రోజూ పొద్దున ఫిట్టరు వచ్చేవాడు. పానా పెట్టి తిప్పేవాడు. నీళ్ళు వచ్చేవి. ఇందులో టెక్నాలజీ మచ్చుకైనా లేదు. మంత్రిగారు చూసి తట్టుకోలేకపోయారు. మాది నగరంలోనే మొట్టమొదటి ఆటోమేటిక్ వీధి అని ప్రకటించారు. ఇక మీదట మనిషి చెయ్యి పడదు, కంప్యూటరు చెబితే వాల్వు తెరుచుకుంటుంది అన్నారు. ఆఫీసులో రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. మా కుళాయిలన్నీ ఒక్కసారి భళ్ళున నీళ్ళు కక్కాయి. మేమంతా జై కొట్టాం.

మర్నాడు కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఆ తర్వాత గాలి కూడా రాలేదు.

నేను ఒంటరివాణ్ణి. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ వంటింట్లో తొట్టి నిండుగా ఉండేది. ఎలా నిండేదో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఆ పని నాది. ఆమె నడుంనొప్పి కూడా నాకే వచ్చింది. పక్క వీధి ఇంకా వెనకబడి ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు వస్తాయి. బకెట్లు పట్టుకుని అక్కడికి పోతాను. మా పక్కింటి కోడలూ వచ్చేది. ఆ పిల్ల నిండు గర్భిణి. ఆమె బకెట్టు కూడా నేనే అందుకునేవాణ్ణి, నా నడుం నన్ను తిట్టుకునేది.

“బాబాయ్, నా కాన్పులోగా మన కుళాయికి నీళ్ళొస్తాయంటావా?”

“మంత్రిగారున్నారుగా.”

“ఉన్నారు కాబట్టే అడుగుతున్నా.”

ఆ పిల్లకు నోరెక్కువ.

పక్క వీధి కుళాయి ఒక ఇల్లాలిది. మమ్మల్ని చూడగానే లోపలికి కేకేసేది. “ఏవండీ, ఆటోమేటిక్ వాళ్ళొచ్చారు! కాస్త జరగండి, పెద్ద పెద్దవాళ్ళు.” నీళ్ళు మాత్రం పట్టుకోనిచ్చేది. మాట పడకుండా నీళ్ళు పట్టుకున్న రోజు లేదు.

కొన్నాళ్ళు చూసి ఆఫీసుకు వెళ్ళాను.

చిన్న గదిలో ఆపరేటరమ్మాయి భుజాల మీద శాలువా కప్పుకుని కూర్చుంది. ఏసీ కంప్యూటరు కోసం, చలి ఆ అమ్మాయికి. తెర నిండా మంత్రిగారి ఫోటో ఉంది. చెయ్యి ఊపుతూ నవ్వుతున్నారు. సరిగ్గా నోటి మీద ఒక డబ్బా లాంటిది తేలుతోంది. ‘కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది. ఎక్కించుకుంటారా?’ అని రాసి ఉంది. దాని కింద రెండు మీటలు. ఒకటి ‘ఇప్పుడు’. రెండోది ‘తర్వాత’.

“వాల్వు ప్రోగ్రాము కొత్త సిస్టమ్ ఉంటేనే పనిచేస్తుందండీ,” అంది ఆ అమ్మాయి.

“మరి ప్రారంభం రోజు పనిచేసిందే?”

“అదెలాగో మాకూ అర్థం కాలేదండీ. మంత్రిగారి చేతి చలవ అన్నారు ఇంజనీరుగారు.”

“సరే, ‘ఇప్పుడు’ నొక్కు తల్లీ. మా వీధంతా నీ పేరు చెప్పుకుంటుంది.”

“అమ్మో! నొక్కితే ఇది పోతుంది.” వేలు మంత్రిగారి ఫోటో వైపు చూపించింది. “పక్క ఆఫీసులో నొక్కారు. వాళ్ళ పెద్దాయన ఫోటో పోయి కొండలూ గడ్డీ వచ్చాయట.”

“మళ్ళీ పెట్టుకోవచ్చుగా?”

“పెట్టుకోవచ్చు. కానీ మధ్యలో ఓ గంట తెర నల్లగా ఉంటుంది. ఆ గంటసేపూ మంత్రిగారు లేనట్టే కదండీ. ఎవరు తీసేశారని అడిగితే ఇంజనీరుగారు ఎవర్ని చూపిస్తారు? నాకింకా పర్మనెంటు కాలేదు.”

అని ‘తర్వాత’ నొక్కింది. డబ్బా పోయింది. మంత్రిగారి పళ్ళు బయటపడ్డాయి. మర్నాడు పొద్దున మళ్ళీ వస్తుందట, మళ్ళీ నొక్కుతుందట.

అప్పుడే ఇంజనీరుగారు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చాలా చదువుకున్నవారు. గుమ్మం దాటి ఆ గదిలోకి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

“ఏమ్మా, ఇప్పుడేం నొక్కావు?”

“తర్వాత అని నొక్కానండీ. రోజూ నొక్కుతున్నాగా.”

“ఎవర్ని అడిగి?”

ఆ అమ్మాయి శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“వాయిదా వేయడమంటే ఏమిటనుకున్నావు? అది ప్రభుత్వ నిర్ణయం! క్యాబినెట్టు చేసే పని నువ్వు రోజూ పొద్దున్నే టీ తాగుతూ చేసేస్తున్నావా?”

“మరైతే ‘ఇప్పుడు’ నొక్కమంటారా?”

“నేనన్నానా? ఈ పెద్దాయన సాక్షి. నేను ఆ మాట అన్లేదు.”

నన్ను చూశారు. అన్లేదన్నాను. ఆయన అనలేదు, నిజమే.

ఆ రోజు నుంచి ఏ మీటా నొక్కకూడదని ఆర్డరు వేశారు. దానితో కొత్త చిక్కు వచ్చింది. ఏదీ నొక్కకపోతే డబ్బా పోదు. మంత్రిగారి నోరు మూసి ఉంటుంది. ఒక మంత్రి నోరు ఆఫీసు టైములో మూసి ఉండడం మంచిది కాదని ఇంజనీరుగారికి రెండో రోజే తోచింది. ఒక తెల్ల గుడ్డ తెప్పించి కంప్యూటరు మీద కప్పించారు. అప్పుడు చూసినవాళ్ళు ఎవరు పోయారని అడగడం మొదలుపెట్టారు. గుడ్డ తీయించారు.

ఇక లాభం లేదని మంత్రిగారే స్వయంగా వచ్చారు. ఆయన చిన్న నాయకుడిగా ఉన్న రోజుల్లో ఆయన చొక్కాలు నేనే కుట్టేవాణ్ణి. నడుం కొలత అప్పటికీ ఇప్పటికీ బాగా అభివృద్ధి చెందింది. వెంట బావమరిది కూడా ఉన్నాడు. బావమరిది ఎప్పుడూ వెంటే ఉంటాడు. నేను కుళాయి సంగతి అడుగుదామని వరండాలో నిలబడ్డాను. తలుపు తీసే ఉంది.

“ఏమిటయ్యా ఇది, నా నోటి మీద?”

“తమ నిర్ణయం కోసం వేచి ఉందండి,” అన్నారు ఇంజనీరుగారు.

“ఇప్పుడంటే ఏమవుతుంది?”

“తమరు ఓ గంట... కనపడరండి.”

గదిలో అందరూ తల దించుకున్నారు.

“తర్వాతంటే?”

“వాయిదా వేశారని పేపర్లు రాస్తాయండి.”

మంత్రిగారు గడ్డం నిమురుకున్నారు. అంత లోతుగా ఆలోచించే మనిషిని నేను చూడలేదు.

“బావా, రెండూ ఒకేసారి నొక్కితే?” అన్నాడు బావమరిది.

“నువ్వు ఊరుకోరా. ఇది దేశ సమస్య.”

చివరికి ఆయన తేల్చారు. వాయిదా వేయాలా వద్దా అన్నది ఒక ఉన్నతస్థాయి కమిటీ నిర్ణయిస్తుంది. కమిటీలో కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఉండకూడదు. తెలిసినవాళ్ళకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, నిష్పక్షపాతంగా ఉండలేరు. ఈ ఒక్క మాటకే ఆయనకు విగ్రహం పెట్టవచ్చు.

వెళ్ళిపోతుంటే అడ్డుపడి కుళాయి సంగతి చెప్పాను. నా భుజం మీద చెయ్యి వేశారు.

“పెద్దాయనా, మీ వీధి గురించే ఇంతమందిమి నిద్ర మానేశాం. ఇంకా ఏం కావాలి?”

నీళ్ళు కావాలన్నాను. ఆయన అప్పటికే కారెక్కారు.

కమిటీ చాలా కష్టపడింది. విదేశాలకు వెళ్ళి అక్కడివాళ్ళు ఎలా వాయిదా వేస్తున్నారో చూసి వచ్చింది. మధ్యంతర నివేదిక కూడా ఇచ్చింది. వాయిదా వేయాలా వద్దా అన్నది తొందరపడి తేల్చే ప్రశ్న కాదు, కాబట్టి తేల్చడం వాయిదా వేయాలి. అంతవరకు రోజూ ‘తర్వాత’ నొక్కవచ్చు, కానీ అలా నొక్కినంత మాత్రాన వాయిదా వేసినట్టు కాదు. నొక్కేవారు బాధ్యత గల అధికారి అయి ఉండాలి.

అలా ఆ ఉద్యోగం పుట్టింది. ‘తర్వాత’ నొక్కే అధికారి. ఎంతోమందిని పరిశీలించి, చివరికి మంత్రిగారి బావమరిదిని ఎంపిక చేశారు. ఎంపికను తప్పుపట్టడానికి లేదు. ఆయన పుట్టిన దగ్గర్నుంచి ఏ పనీ అప్పటికప్పుడు చేసి ఎరగడు. ఈ పనికి అంత అనుభవం ఉన్నవాడు చుట్టుపక్కల దొరకడు.

పొద్దున్నే కారు వచ్చేది. బంట్రోతు తలుపు తీసేవాడు. అధికారిగారు కళ్ళజోడు పెట్టుకుని, తెరను పై నుంచి కిందికి చదివి, ఆపరేటరమ్మాయిని అడిగేవారు.

“ఏది మనది?”

“కుడివైపుదండీ.”

“నిన్నా కుడివైపేనా?”

“రోజూ కుడివైపేనండీ.”

“గుర్తుంచుకోవాలి.” నొక్కేవారు. వేలు తుడుచుకునేవారు. టిఫిను వచ్చేది.

ఒకసారి ఆయన ఎవరి పెళ్ళికో వెళ్ళాలని సెలవు పెట్టారు. ఆ రోజంతా మంత్రిగారి నోరు మూసే ఉంది. అసెంబ్లీలో గొడవయింది. ఆ దెబ్బతో ఒక డిప్యూటీని కూడా వేశారు. డిప్యూటీకి నొక్కే అధికారం లేదు. నొక్కవలసి ఉందని అధికారికి గుర్తు చేసే అధికారం ఉంది.

ప్రతిపక్షం ఊరుకుంటుందా? వాళ్ళ నాయకుడు మా వీధికే వచ్చి సభ పెట్టాడు. ‘ఇప్పుడే! ఇప్పుడే!’ అని జనం చేత అరిపించాడు. గొంతు ఎండి మంచినీళ్ళడిగాడు. మేం పక్క వీధికి పంపించాం. తిరిగి వచ్చాక నేనే అడిగాను.

“అయ్యా, మీరు గెలిస్తే ‘ఇప్పుడు’ నొక్కుతారా?”

“ముందు గెలవనీ పెద్దాయనా. అప్పుడు చూద్దాం.”

“అప్పుడంటే తర్వాతేగా?”

ఆయన నా వైపు అదోలా చూసి, ఈయన వాళ్ళ మనిషిలా ఉన్నాడే అని పక్కవాడితో అన్నాడు.

పక్కింటి కోడలు కమిటీ తుది నివేదిక కోసం చూసింది. నివేదిక కన్నా పాప ముందు వచ్చింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ళు ఎంత కావాలో కమిటీకి తెలియకపోవచ్చు, నాకు తెలిసింది. గుడ్డలు నానబెట్టాలి, ఉతకాలి, మళ్ళీ నానబెట్టాలి. ఆమె మంచం దిగకూడదు. ఆమె మొగుడు పొద్దున్నే పనికిపోతాడు. అత్త ముసలిది. మోసేది నేను. పక్క వీధి ఇల్లాలు కూడా మాటలు తగ్గించింది. అది నాకు మరీ అవమానంగా ఉంది.

“బాబాయ్, వద్దులే, నీ నడుం పోతుంది,” అనేది ఆ పిల్ల మంచం మీంచి.

“పోతే కమిటీ వేస్తారు,” అనేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక రోజు అధికారిగారు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు ముందుకు చాచి అలాగే ఉండిపోయారు. తెర మీద డబ్బా లేదు. మంత్రిగారు నోరారా నవ్వుతున్నారు. నేను ఆ రోజు కూడా వరండాలోనే ఉన్నాను. ఈ మధ్య నా ఉద్యోగం అదే.

“ఏదీ? మనదేదీ?” అని అధికారిగారు కేక వేశారు. డిప్యూటీ పరుగున వచ్చాడు. గుర్తు చేయడానికి ఏమీ లేక ఆయన కూడా బిక్కమొహం వేశాడు. ఇంజనీరుగారు గుమ్మం దాకా వచ్చారు.

“ఎవరైనా ‘ఇప్పుడు’ నొక్కారా?”

“నా బిడ్డల మీద ఒట్టు, నేను నొక్కలేదండీ,” అంది ఆపరేటరమ్మాయి. ఆమెకు ఇంకా పెళ్ళి కాలేదు. భయంలో నోటికి వచ్చింది.

ఆమె తడుముకుంటూ తెర మూలలో చిన్న అక్షరాలు చదివింది. ఆ సిస్టమ్ తయారుచేసే కంపెనీ రాసింది. ఈ కంప్యూటరు మరీ పాతబడింది, కొత్త సిస్టమ్ ఇక దీనికి ఎక్కదు, ఇక మీదట అడగబోము అని.

చదువు చదువే. ముందుగా అర్థమయింది ఇంజనీరుగారికే.

“అంటే... వాళ్ళు వెనక్కి తగ్గారన్నమాట!”

సాయంత్రానికి మంత్రిగారు ప్రకటించారు. ప్రపంచమంతా వణికే ఒక పెద్ద కంపెనీ మన ప్రభుత్వ సహనం ముందు తలవంచిందని. ఒక్క బొట్టు రక్తం చిందకుండా, ఒక్క మీట తప్పుగా నొక్కకుండా సమస్యను శాశ్వతంగా పరిష్కరించామని. కమిటీకి అభినందనలు చెప్పారు. అధికారికి ప్రమోషను ఇచ్చారు. నొక్కడానికి ఇంకేమీ లేకపోయినా ఆ వేలికి ఉన్న అనుభవం వృథా కాకూడదన్నారు.

విజయోత్సవ సభ టౌనుహాల్లో పెట్టారు. వేదిక మీద ఆ కంప్యూటర్ని ఎత్తు బల్ల మీద పెట్టి లైట్లు వేశారు. తెర మీద మంత్రిగారు, పక్కన కుర్చీలో మంత్రిగారు. లబ్ధిదారుడు ఒకడు కావాలని నన్ను పిలిపించారు. వేదిక చివర కుర్చీ ఇచ్చారు. నా పక్కన మా పాత ఫిట్టరు కూర్చున్నాడు. కొత్త యూనిఫాం వేసుకున్నాడు. జేబు మీద ‘ఆటోమేటిక్ ఇన్‌ఛార్జి’ అని ఉంది. పానా పట్టుకున్న రోజుల కన్నా ఒళ్ళు చేశాడు.

మంత్రిగారు ఉపన్యసిస్తుంటే నేను మెల్లగా అడిగాను.

“ఏమయ్యా, ఇక కొత్త సిస్టమ్ ఎప్పటికీ రాదుగా. మరి మా వాల్వు ఎలా తెరుచుకుంటుంది?”

“దానికీ దీనికీ సంబంధం ఏముందండీ?” అన్నాడు, ముందుకే చూస్తూ. “కొత్త వాల్వు ఇంకా స్టోరులోనే ఉంది. పెట్టె కూడా విప్పలేదు. మీ గోతిలో ఉన్నది ఆ పాతదే.”

“పాతదా! మరి ప్రారంభం రోజు నీళ్ళొచ్చాయే?”

“నేనే తిప్పాను. ఆఫీసులో అయ్యగారు మీట నొక్కగానే గోతి దగ్గరున్న నాకు ఫోను కొట్టారు. చప్పట్లు కొట్టండి, కొట్టండి, అందరూ కొడుతున్నారు.”

కొట్టాను.

“అయితే నాయనా, రేపు పొద్దున వచ్చి ఓసారి తిప్పిపో. నీ పానా ఉందిగా? మా పక్కింట్లో పసిబిడ్డ ఉంది.”

అతను మొదటిసారి నా వైపు తిరిగాడు. ఏమీ తెలియనివాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

“ఎంత మాటన్నారు! మీది ఆటోమేటిక్ వీధండీ. ఆటోమేటిక్ వీధిలో చెయ్యి పెడితే నా ఉద్యోగం పోతుంది. పక్క వీధంటే వేరు, రోజూ తిప్పొస్తున్నాను. పాపం వాళ్ళు వెనకబడ్డవాళ్ళు.”

“మమ్మల్నీ వెనకబడ్డవాళ్ళలో చేర్చండయ్యా.”

“దానికి అర్జీ పెట్టుకోవాలండీ. కంప్యూటర్లోనే పెట్టాలి.” కంప్యూటరు వైపు గడ్డంతో చూపించాడు. “కాకపోతే ఆ అర్జీ కొత్త సిస్టమ్ ఉంటేనే తెరుచుకుంటుంది.”

మైకులో లబ్ధిదారుణ్ణి రమ్మన్నారు. నడుం పట్టుకుని లేచి వెళ్ళాను. మంత్రిగారు నన్ను దగ్గరికి తీసుకుని, ఒక పెద్ద పూలగుత్తి చేతిలో పెట్టారు. ఫోటోలవాళ్ళు మెరుపులు మెరిపించారు. ఆయన నా చెవి దగ్గరకు వంగి, సొంత మనిషికి చెప్పినట్టు ఆప్యాయంగా చెప్పారు.

“ఇంటికెళ్ళగానే నీళ్ళల్లో పెట్టు పెద్దాయనా. రోజూ నీళ్ళు మారుస్తుంటే చాన్నాళ్ళు ఉంటాయి.”

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాలి కదా. గుత్తి చంకలో పెట్టుకుని కొట్టాను.